అదను దాటని పని: యాచారం సేద్యంలో కాలపు లెక్క

కాలాన్ని ఎవరూ దాచుకోలేరు. ఇవాళ వాడని గంటను రేపటికి జమ వేసుకునే వీలు లేదు, రేపటి గంటను ఇవాళ అప్పు తెచ్చుకునే వీలూ లేదు. మనిషికి చేతనైనది ఒక్కటే. ఉన్న సమయంలో ఏ పని ముందు చేయాలి, ఏది తర్వాత చేయాలి, ఏది అసలు వద్దు అని తేల్చుకోవడం. సమయపాలన పేరుతో శిక్షణ తరగతుల్లోనూ ఆఫీసుల్లోనూ చెప్పేదంతా చివరికి ఈ వరుస గురించే. ఆ వరుస తప్పితే చాలా ఉద్యోగాల్లో నష్టం వెంటనే తెలియదు. సేద్యంలో మాత్రం ఒక పంటకాలం తిరిగేలోగా లెక్క తేలిపోతుంది. అందుకే కాలాన్ని గురించి ఆలోచించేవారికి మెట్ట రైతు పని తీరు మంచి పాఠం.

యాచారం రంగారెడ్డి జిల్లాలో, ఇబ్రహీంపట్నం రెవెన్యూ డివిజన్‌లోని మండల కేంద్రం. హైదరాబాద్ నుంచి నాగార్జునసాగర్ వెళ్లే రోడ్డు మీద, నగరానికి సుమారు 50 కిలోమీటర్ల దూరంలో ఉంది. కృష్ణా నీటిని కోదండాపూర్ నుంచి హైదరాబాద్‌కు తెచ్చే తాగునీటి పైపులు ఈ మండలంలోని గున్‌గల్ మీదుగానే సాగుతాయి. చుట్టుపక్కల చేలు మాత్రం వాన మీద, బోర్ల మీద, ఊరి చెరువుల మీద ఆధారపడినవే. ఇక్కడి నేలల్లో ఎక్కువ భాగం ఎర్ర చెలకలు. నల్లరేగడి తడిని చాలా రోజులు పట్టి ఉంచుతుంది. చెలక త్వరగా తాగుతుంది, అంతే త్వరగా ఆరుతుంది. వాన వెలిసిన తర్వాత విత్తడానికి తగిన పదును నిలిచేది రెండు మూడు రోజులే. ఏడాది పొడవునా చేసే కష్టానికి ఫలితం ఉంటుందా లేదా అన్నది ఇలాంటి కొన్ని రోజుల మీద ఆధారపడి ఉంటుంది.

గడియారం ప్రకారం ఏ గంట అయినా అరవై నిమిషాలే. చేనులో అన్ని గంటలకూ ఒకే విలువ ఉండదు. పదును మీద విత్తిన పూట విలువ వేరు, పదును పోయాక అదే గింజతో, అదే గొర్రుతో విత్తిన పూట విలువ వేరు. ప్రాధాన్యం నిర్ణయించడమంటే ఈ తేడాను ముందుగా గుర్తించడమే. పని ఎంత పెద్దదని అడిగే ముందు, ఆ పని ఆగగలదా అని అడగాలి.

కార్తెల లెక్క

తెలుగు రైతు సంవత్సరాన్ని పన్నెండు నెలలుగా కన్నా 27 కార్తెలుగా చూస్తాడు. సూర్యుడు ఒక్కో నక్షత్రంలో ఉండే కాలమే కార్తె. 365 రోజులను 27 భాగాలు చేస్తే ఒక్కోటి పదమూడున్నర రోజుల దాకా వస్తుంది. రోహిణి కార్తె మే 25 ప్రాంతంలో, మృగశిర జూన్ 8 ప్రాంతంలో, ఆరుద్ర జూన్ 22 ప్రాంతంలో మొదలవుతాయి. తర్వాత పునర్వసు, పుష్యమి, ఆశ్లేష, మఖ వరుసగా ఆగస్టు చివరి దాకా నడుస్తాయి.

పండుగలకూ ముహూర్తాలకూ చాంద్రమాన మాసాలు వాడే సమాజం సేద్యానికి వచ్చేసరికి సూర్యుణ్ణి పట్టుకోవడానికి గట్టి కారణం ఉంది. చాంద్రమాన సంవత్సరం సౌర సంవత్సరం కన్నా దాదాపు పదకొండు రోజులు తక్కువ. అధిక మాసంతో సర్దేదాకా ఆ మాసాలు ఋతువుల మీద వెనకకు జరుగుతూనే ఉంటాయి. కార్తెలు అలా జరగవు. నైరుతి ఋతుపవనాలు వచ్చే కాలం ఏటా ఇంచుమించు అదే కార్తెలో పడుతుంది. తాతల నాటి అనుభవం మనవడికి పనికి రావాలంటే రెండు తరాలూ ఒకే కొలతతో కాలాన్ని కొలవాలి. కార్తె ఆ కొలత.

కార్తెకు ఒక మంచి గుణం ఉంది. అది పనిని ఒక తేదీకి కట్టిపడేయదు, పది పదిహేను రోజుల వ్యవధి ఇస్తుంది. ఆ వ్యవధిలో ఏ రోజు విత్తాలో వాన చెబుతుంది, నేల చెబుతుంది. పత్తి విత్తడానికి తేలిక నేలల్లో 50 నుంచి 60, బరువు నేలల్లో 60 నుంచి 75 మిల్లీమీటర్ల వాన పడి ఉండాలని వ్యవసాయ శాస్త్రవేత్తలు చెబుతారు. తొలకరి నాలుగు చినుకులకే తొందరపడి విత్తితే మొలక ఎండిపోతుంది, విత్తనాల ఖర్చు రెండుసార్లు పెట్టాల్సి వస్తుంది. మరీ జాగ్రత్తపడి ఆగితే జూలై 20 దాటిపోతుంది, పత్తి అదను తప్పుతుంది. అదనెరిగి సేద్యం, పదునెరిగి పైరు అన్న సామెతలో రెండు వేరువేరు హెచ్చరికలు ఉన్నాయి. అదను క్యాలెండరును చూసుకోమంటుంది. పదును నేలను చేత్తో ముట్టి చూడమంటుంది. ఒకటి ముందుగా వేసుకునే ప్రణాళిక, రెండోది ఆ పూట ఎదుట ఉన్న స్థితి. ఏ రంగంలోనైనా సమయపాలన ఈ రెండూ కలిస్తేనే నిలుస్తుంది. ప్రణాళిక ఒక్కటే పట్టుకున్నవాడు పొడి నేలలో విత్తుతాడు. ఆ పూట స్థితి ఒక్కటే చూసుకునేవాడు ఎప్పుడూ ఆలస్యంగానే కదులుతాడు.

నాలుగు తీరుల పనులు

ఒక రైతు ఇంటి పనులన్నీ పక్కపక్కన పెట్టి చూస్తే నాలుగు తీరులు కనిపిస్తాయి. మొదటివి నిత్యం ఉండేవి, వేళ తప్పనివి. పొద్దున, సాయంత్రం పాలు పితకడం, పశువులకు నీళ్లు, మేత, ఇంట్లో వంట. వీటిని వాయిదా వేయలేము. రెండు రోజుల పని ఒకే రోజు చేసి ముగించనూ లేము. వీటి గురించి రోజూ నిర్ణయం తీసుకోవాల్సిన అవసరం లేదు. వేళ కుదిరిపోతే అలవాటే వాటిని నడిపిస్తుంది.

రెండోవి అదను పనులు. విత్తడం, తుకం పోయడం, నాటు వేయడం, కలుపు తీయడం, పురుగు చిన్నగా ఉన్నప్పుడే మందు కొట్టడం, పండిన కూరగాయలు తెంపడం. వీటికి ఒక గడువు ఉంది. ఆ గడువు పెట్టింది మనిషి కాదు కాబట్టి దాన్ని బతిమాలి పెంచుకోలేము. కలుపునే తీసుకుంటే, చాలా పంటల్లో మొత్తం పంటకాలంలో మొదటి మూడో వంతులోనే అది ఎక్కువ నష్టం చేస్తుంది. ఆ రోజుల్లో తీసిన కలుపు దిగుబడిని కాపాడుతుంది. పైరు కమ్ముకున్న తర్వాత తీస్తే చేను శుభ్రంగా కనిపించవచ్చు, అప్పటికే పోయిన దిగుబడి తిరిగి రాదు. కూలి రెండుసార్లూ ఒకటే.

అదను పనుల్లో కొన్నింటి గడువును రైతే మొదలుపెడతాడు. తక్కువ కాలపు వరి రకాలకు తుకం పోసిన 21 నుంచి 25 రోజుల్లో నాటు పడాలి. నారు ముదిరితే పిలకలు తగ్గుతాయి. కాబట్టి తుకం పోసిన రోజే నాటు రోజు కూడా ఖాయమైపోతుంది. ఆనాటికి దమ్ము సిద్ధంగా ఉంటుందా, బోరులో నీరు చాలుతుందా, కూలీలు దొరుకుతారా అన్నది తుకం పోయకముందే ఆలోచించాలి. ఏ పనికైనా ఒప్పుకోవడమంటే ఇదే. మాట ఇచ్చిన రోజు తేలికగానే ఉంటుంది, దాని బరువు మూడు వారాల తర్వాత వచ్చే ఒక నిర్దిష్టమైన రోజు మీద పడుతుంది.

మూడోవి ఎప్పుడైనా చేయదగ్గవి. పనిముట్లు బాగు చేసుకోవడం, కంచె కట్టడం, గెట్లు సరిచేయడం, బస్తాలు కుట్టడం, కాగితాలు సర్దుకోవడం. వీటి విలువ తక్కువేమీ కాదు. వీటికి ఓపిక ఎక్కువ, అంతే. ముసురు పట్టి చేనులోకి అడుగుపెట్టలేని రోజులు వీటికి సరిగ్గా సరిపోతాయి. దున్నడానికి అనువైన రోజున గొర్రు బాగుచేస్తూ కూర్చున్న రైతు పని చేస్తూనే నష్టపోతాడు.

నాలుగోవి చాలా ముఖ్యమై ఉండి, ఏ గడువూ లేనివి. నేలకు పశువుల ఎరువు అందించడం, భూసార పరీక్ష చేయించడం, చెరువు పూడిక తీయడం, గట్ల మీద చెట్లు పెట్టడం, పిల్లల చదువు, ఒంటి ఆరోగ్యం. ఇవాళ చేయకపోయినా ఇవాళ ఏమీ కాదు. ఈ ఏడు చేయకపోయినా పెద్దగా తెలియదు. పదేళ్ల తర్వాత చేనూ ఇల్లూ రెండూ బలహీనపడి కనిపిస్తాయి. మనుషులు ఎక్కువగా పోగొట్టుకునేది ఈ నాలుగో రకం పనుల్లోనే.

వరుస కట్టే తీరు

ఈ తీరులన్నీ ఒకేరోజు మీద పడ్డప్పుడు వరుస ఎలా కట్టాలన్నది అసలు ప్రశ్న. నాలుగు ఎకరాల కుటుంబం ఒకటి ఉందనుకుందాం. జూలై మొదట్లో మూడు రోజులు వాన పడి తెరిపి ఇచ్చింది. రెండెకరాల పత్తిలో కలుపు మొలిచింది, పైపాటు యూరియా వేయాలి. ఒక ఎకరం కందికి దున్ని ఉంది, ఇంకా విత్తలేదు. అరెకరంలో టమాటా కోతకు వచ్చింది. బోరు మోటారు స్టార్టరు చెడిపోయింది. మండల ఆఫీసులో భూమి కాగితాల పని మిగిలి ఉంది. ఇంట్లో రెండు గేదెలు ఉన్నాయి.

పాల పని వేళకు జరగాల్సిందే కాబట్టి దాని గురించి చర్చ లేదు. ఆ తర్వాత మొదటి వరుస కంది విత్తడానిది, చెలకలో పదును రెండు రోజులకు మించి ఆగదు. యూరియా వేయడం చిన్న పని, తడి ఉండగానే వేస్తే పైరుకు అందుతుంది. కాబట్టి అది కంది విత్తే పనికి అడ్డం రాకుండా పక్కనే ముగుస్తుంది. టమాటా సాయంత్రం తెంపితే తెల్లవారేసరికి నగరంలోని మార్కెటుకు చేరుతుంది. కలుపు ముఖ్యమే, కానీ బురద నేలలో గుంటక నడవదు. నేల కాస్త ఆరాక మూడో రోజున ఆ పని చేస్తే సాగుతుంది. వాన పడి ఉంది కనుక స్టార్టరు వారం రోజులు ఆగుతుంది. కాగితాల పనికి ఆఫీసు ఇచ్చిన తేదీ ఉంటే ఇంట్లో మరొకరు వెళ్తారు, లేకపోతే అది ముసురు రోజుల పని. ఈ వరుసలో ఎక్కడా ఏది గొప్పది అన్న ప్రశ్న రాలేదు. ఏది ఆగదు, ఏది ఎంతసేపు పడుతుంది, ఏది ఇంకొకరు చేయగలరు అన్నవే దాన్ని నిర్ణయించాయి.

గణితం కూడా ఇదే మాటకు వచ్చింది. ఒకే మనిషి లేదా ఒకే యంత్రం చేయాల్సిన పనులు కొన్ని ఉండి, ఒక్కోదానికి ఒక్కో గడువు ఉన్నప్పుడు, ముందు గడువు ఉన్నదాన్ని ముందు చేస్తే మిక్కిలి ఆలస్యమైన పని ఆలస్యం వీలైనంత తగ్గుతుందని అమెరికాలో జాక్సన్ 1955లో చూపించాడు. గడువులు లేక, ఆగేకొద్దీ నష్టం పెరిగే పనులైతే, గంటకు ఎక్కువ విలువ ఇచ్చే పనిని ముందు పెట్టాలని 1956లో స్మిత్ నిరూపించాడు. చిన్నదై, విలువైనదైన పని ముందుకు రావడానికి కారణం అదే. పైన యూరియా పని కందితోపాటు మొదట్లోనే ముగియడం ఈ సూత్రమే.

అన్నీ సకాలంలో చేయడం సాధ్యం కానప్పుడు ఏం చేయాలన్నది ఇంకా కష్టమైన ప్రశ్న. దానికి 1968లో మూర్ ఇచ్చిన పద్ధతి ఇది. గడువుల వరుసలో పనులు పేర్చుతూ పోవాలి, ఎక్కడైనా గడువు దాటుతుంటే అప్పటిదాకా పేర్చినవాటిలో ఎక్కువ సమయం తినే పనిని పక్కన పెట్టాలి. ఒక పెద్ద పనిని వదిలితే అనేక చిన్న పనులు గడువు లోపల నిలుస్తాయి. యాసంగిలో బోరు తగ్గుముఖం పట్టినప్పుడు వరి రైతు చేసేది దీనికి దగ్గరగా ఉంటుంది. ఉన్న నీటిని అన్ని మళ్లకూ తలా కొంచెం పారిస్తే ఏ మడీ గింజ కట్టదు. దూరపు మళ్లు కొన్నింటిని పశువుల మేతకు వదిలేసి, దగ్గరి మళ్లకు నిండుగా తడి ఇస్తే ఆ మేరకు పంట చేతికి వస్తుంది. వదులుకోవడం మనసుకు కష్టం. అయితే ఏది వదలాలో ముందుగా తేల్చుకోకపోతే వదలడం ఆగదు. మనిషి తేల్చనిది ఎండ తేలుస్తుంది, అది ఎంచుకునే మళ్లు మనిషి ఎంచుకునేవి కావు.

తొందర, ప్రాధాన్యం

తొందర పెట్టే పనులన్నీ ముఖ్యమైనవి కావు, ముఖ్యమైన పనులన్నీ తొందర పెట్టవు. అమెరికా అధ్యక్షుడు ఐసెన్‌హోవర్ 1954లో ఇవాన్‌స్టన్‌లో చేసిన ప్రసంగంలో, ఒక కళాశాల పూర్వ అధ్యక్షుడి మాటగా ఈ తేడాను ప్రస్తావించాడు. స్టీఫెన్ కోవీ 1989లో రాసిన పుస్తకంతో అది నాలుగు గళ్ల పట్టికగా ప్రపంచమంతా వ్యాపించింది. ఆ పట్టిక వాడేవారికి ఒక జాగ్రత్త అవసరం. తొందర రెండు రకాలుగా ఉంటుంది. ఒకటి పదును తెచ్చే తొందర, అది నిజమైనది. రెండోది ఎవరో పిలిచినందువల్ల, ఫోను మోగినందువల్ల, నలుగురూ చేస్తున్నందువల్ల వచ్చే తొందర. ఈ రెండూ లోపల ఒకేలా గుండె దడ పుట్టిస్తాయి. విడదీసి చూడటానికి ఒకే ప్రశ్న చాలు: ఈ పని రెండు రోజులు ఆగితే ఏం పోతుంది?

ఈ ప్రశ్న వేసుకోకపోతే మనసు ఎటు లాగుతుందో పరిశోధకులు చూశారు. 2018లో జూ, యాంగ్, షీ అనే ముగ్గురు ప్రచురించిన ప్రయోగాల్లో, ప్రతిఫలం తక్కువని తెలిసి కూడా చాలామంది దగ్గరి గడువు ఉన్నట్టు కనిపించే పనినే ఎంచుకున్నారు. గడువు అన్న మాటే మనిషిని లాగేస్తుంది. అలాంటప్పుడు గడువు లేని నాలుగో రకం పనులు ఎన్నటికీ వరుసలోకి రావు. వాటిని బతికించుకునే మార్గం వాటికీ ఒక కాలాన్ని కట్టబెట్టడమే.

పాత సేద్యంలో ఈ తెలివి ఉంది. చెరువు పూడిక తీయడానికి చట్టం పెట్టిన గడువేమీ లేదు. అయితే చెరువు ఎండేది వేసవిలోనే, పశువులూ మనుషులూ కాస్త తీరికగా ఉండేదీ అప్పుడే, పూడిక మట్టి చెలకలకు తోలాల్సింది కూడా దుక్కులకు ముందే. మూడు కారణాలూ కలిసి ఆ పనికి వేసవిని గడువుగా నిలబెట్టాయి. ఆ అలవాటు సన్నగిల్లిన చోట చెరువులు పూడుకుపోయాయి. తెలంగాణ ప్రభుత్వం 2015 మార్చి 12న మిషన్ కాకతీయను మొదలుపెట్టి వేల చెరువుల్లో పూడిక తీయించాల్సి వచ్చింది. ఏడాదికోసారి కొంచెం కొంచెంగా సాగాల్సిన పని దశాబ్దాలు ఆగితే ఒక రాష్ట్రం చేపట్టాల్సినంత భారమవుతుంది. మనిషి ఆరోగ్యానికీ, చదువుకూ, బంధాలకూ ఇదే లెక్క. గడువు లేని పనికి ఒక కాలం, ఒక వారం, ఒక వేళ పెట్టుకుని, దాన్ని పాలు పితికే వేళలాగే తప్పకుండా పాటించడం ఒక్కటే దారి.

ఖాళీ ఉంచుకోవడం

రోజంతా పనితో నింపితే ఎక్కువ పండుతుందన్న నమ్మకం బలంగా ఉంది. పనులు ముందుగా చెప్పిరాని చోట ఆ నమ్మకం నిలవదు. టెలిఫోన్ ఎక్స్ఛేంజీల్లో కాల్స్ ఎందుకు నిలిచిపోతాయని డెన్మార్క్ ఇంజనీరు ఎర్లాంగ్ 1909లో మొదలుపెట్టిన అధ్యయనం నుంచి క్యూల గణితం పెరిగింది. అందులోని సాధారణ నమూనా ప్రకారం, పని చేసేవారు సగం కాలం ఖాళీగా ఉంటే కొత్తగా వచ్చిన పని సగటున ఒక పనికి పట్టేంత కాలం ఆగుతుంది. ఎనభై శాతం కాలం నిండి ఉంటే నాలుగింతలు, తొంభై శాతం నిండితే తొమ్మిదింతలు ఆగుతుంది. చివరి పది శాతాన్ని కూడా నింపాలన్న ఆశకు మిగతా పనులన్నీ ఆలస్యంతో వెల చెల్లిస్తాయి.

మృగశిరకు ముందు రైతు చేతిలో పెద్దగా పని కనిపించదు. చూసేవారికి అది ఖాళీ కాలం. నిజానికి ఆ రోజుల్లోనే వేసవి దుక్కులు పడతాయి, ఎరువు తోలుతారు, విత్తనాలు ఇంటికి చేరతాయి, గొర్రు, గుంటక సిద్ధమవుతాయి, ట్రాక్టరుకో కూలీలకో ముందుగా చెప్పి ఉంచుతారు. వాన పడ్డ మర్నాడు రైతు చేయాల్సిందల్లా విత్తడం మాత్రమే అయి ఉండాలి. ఆరోజు విత్తనాల దుకాణానికి పోవాల్సి వస్తే పదును ఆగదు. ముందే చేయగల పనులన్నీ ముందే ముగించి, రాబోయే అదనుకు చేతులు ఖాళీగా ఉంచుకోవడం సమయపాలనలో అన్నిటికన్నా తక్కువ గౌరవం పొందిన నైపుణ్యం.

ఆలోచనను కూడా ముందే ముగించవచ్చు. హైదరాబాద్‌లో 1985లో ఏర్పడిన కేంద్రీయ మెట్ట వ్యవసాయ పరిశోధన సంస్థకు గున్‌గల్ దగ్గర పరిశోధన క్షేత్రం ఉంది. ఆ సంస్థ దేశంలోని జిల్లాలకు తయారుచేయించిన ప్రత్యామ్నాయ పంటల ప్రణాళికల్లో ఋతుపవనం రెండు వారాలు ఆలస్యమైతే ఏం చేయాలి, నాలుగు వారాలైతే, ఆరు వారాలైతే, ఎనిమిది వారాలైతే ఏం చేయాలి అని విడివిడిగా రాసి ఉంటుంది. పత్తి కాలం దాటితే ఆముదం, కంది ఇంకొంత ఆలస్యాన్ని ఓర్చుకుంటాయి. అదీ దాటితే ఆగస్టు చివర, సెప్టెంబరులో ఉలవ ఉంది. కంగారు పుట్టిన రోజున మంచి నిర్ణయం రావడం కష్టం. నెమ్మది ఉన్న రోజున తీసుకున్న నిర్ణయాన్ని ఆ రోజు అమలు చేయడం తేలిక. పరీక్షలకు చదివే విద్యార్థికైనా, చిన్న వ్యాపారికైనా ఇది వర్తిస్తుంది. అనుకున్న వారం చేయి జారితే తర్వాత ఏమిటన్నది ముందే రాసి ఉంచుకున్నవారికి ఒక వారమే పోతుంది. రాసుకోనివారు బెంగతో ఇంకో వారం పోగొట్టుకుంటారు.

అసలు కొరత ఎక్కడ

సమయం చాలడం లేదన్న మాట చాలాసార్లు అసలు కొరతను కప్పేస్తుంది. వ్యవసాయ విద్యుత్తు చరిత్ర దీనికి సాక్ష్యం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2004లో ఉచిత విద్యుత్తు వచ్చింది. సరఫరా మాత్రం రోజుకు కొన్ని గంటలే, అదీ విడతలుగా, తరచూ రాత్రిపూట. రైతు నిద్ర కరెంటు వంతును బట్టి నడిచింది. చీకట్లో మడి మార్చడానికి పోయి పాము కాటుకూ కరెంటు షాకుకూ గురైన కుటుంబాలు ఎన్నో. కరెంటు ఎప్పుడు వచ్చినా మోటారు దానంతటదే నడిచేలా ఆటో స్టార్టర్లు పెట్టుకున్నారు. తెలంగాణలో 2018 జనవరి 1 నుంచి వ్యవసాయానికి 24 గంటల సరఫరా మొదలైంది. నిద్ర దక్కింది, భయం తగ్గింది. అది చిన్న మేలు కాదు.

అదే సమయంలో ఇంకో సంగతి బయటపడింది. గంటలు పెరిగినా బోరులోని నీరు పెరగలేదు. ఆటో స్టార్టర్లు తీసేయాలని, అవసరమైన మేరకే మోటారు నడపాలని ప్రభుత్వమే రైతులను కోరాల్సి వచ్చింది. కొన్ని గంటల కరెంటు ఉన్నప్పుడు కొరత సమయానిదిగా కనిపించింది. ఆ కొరత తీరాక అసలైనది తేటతెల్లమైంది. ఎలియాహు గోల్డ్‌రాట్ 1984లో ఫ్యాక్టరీల గురించి రాసినది కూడా ఇదే: మొత్తం ఉత్పత్తిని ఆపుతున్న ఒక్క ఇరుకును వెతకకుండా మిగతా చోట్ల ఎంత వేగం పెంచినా ఫలితం మారదు.

మనిషి రోజులోనూ ఆ ఇరుకు చాలాసార్లు గంటల్లో ఉండదు. నిద్ర చాలనివాడికి ఇంకో రెండు గంటలు దొరికినా చదువు ఎక్కదు. దృష్టి చెదిరినవాడికి రోజంతా తీరిక ఉన్నా పని కదలదు. ఒక పని మధ్యలో వదిలి మరో పనిలోకి పోతే మనసులో కొంత భాగం పాత పనిలోనే చిక్కుకుంటుందని సోఫీ లెరోయ్ 2009లో ప్రచురించిన అధ్యయనంలో చూపించింది. అలాంటివారికి కావలసింది ఇంకా తెల్లవారకముందే లేవడం కాదు, ఒక పనిని ఒక దరికి చేర్చాకే లేవడం. బోరు ఊరే వేగాన్ని మించి తోడితే మోటారు గాలి లాగుతుంది. మనిషి శక్తికీ ఊరే వేగం ఒకటి ఉంది, దాన్ని తెలుసుకుని పని పెట్టుకోవడమే ఎక్కువ కాలం పండే దారి.

ఎవరి సమయం

సమయపాలన గురించి చెప్పే సలహాలన్నీ ఒక విషయాన్ని ముందే ఉందనుకుంటాయి, మనిషి సమయం మనిషి చేతిలో ఉందని. అందరికీ అది నిజం కాదు. జాతీయ గణాంక కార్యాలయం 2019లో చేసిన సమయ వినియోగ సర్వేలో, జీతం లేని ఇంటి పని చేసే స్త్రీలు రోజుకు సగటున 299 నిమిషాలు, పురుషులు 97 నిమిషాలు దానిపై గడుపుతున్నట్టు తేలింది. అలాంటి పని చేస్తున్నవారు స్త్రీలలో వందకు 81 మంది, పురుషులలో వందకు 26 మంది. చేనులో కలుపు తీసేదీ, పత్తి ఏరేదీ, నాటు వేసేదీ ఎక్కువగా స్త్రీలే. అంటే అదను పనుల్లో పెద్ద భాగమూ, వేళ తప్పని ఇంటి పనుల్లో దాదాపు అంతా ఒకే మనిషి మీద పడుతోంది. ఆమె వరుసను ఆమె కట్టుకోలేదు. పశువు, పొయ్యి, పసిపిల్ల, కూలి పిలుపు కలిసి కట్టాయి.

ఆమెకు పనుల జాబితా రాసుకొమ్మని చెప్పడం ఉపకారం కాదు. నీళ్లు ఇంటి ముందుకు రావడం, వంట గ్యాసు, ఊళ్లోనే అంగన్‌వాడీ, ఇంట్లో మగవాళ్లు పనిలో పాలు పంచుకోవడం, ఇవే ఆమెకు సమయాన్ని తిరిగి ఇచ్చేవి. ఒక కుటుంబం తన పనుల వరుసను సరిచేసుకోవాలంటే, ఎవరు ఏం చేయాలి అన్నది ఏది ముందు చేయాలి అన్నదానికన్నా ముందే తేలాలి. ఒకరి సమయం ఆదా అయ్యిందన్నప్పుడు ఆ పని నిజంగా తగ్గిందా, ఇంకొకరి నెత్తికి మారిందా అని చూడటం న్యాయం.

ఊళ్లో సమయాన్ని పంచుకునే పద్ధతులు కూడా ఉన్నాయి. కూలీలు దొరకని రోజుల్లో ఒకరి చేనుకు ఒకరు బదులు పోతారు. ఒక్కరు ఆరు రోజుల్లో విత్తేదాన్ని ఆరుగురు ఒక్క రోజులో విత్తుతారు. మొత్తం శ్రమ ఒకటే, కానీ ప్రతి చేనులో పని పదును ఉన్న రోజుల్లో పడుతుంది. చేనులన్నిటికీ ఒకే రోజున పదును వస్తే మాత్రం వంతు పెట్టుకోవాలి, ఎవరి నేల త్వరగా ఆరుతుందో వారిది ముందు. ఇరుగుపొరుగు మంచిగా ఉండటం కూడా సమయపాలనలో భాగమేనని ఇక్కడ స్పష్టమవుతుంది.

ఫలం అంటే

ఎక్కువ పని చేయడం, ఎక్కువ పండించడం ఒకటి కావు. రోజుకు ఇరవై పనులు ముగించినవాడు పదును పోగొట్టుకుని ఉండవచ్చు. మూడే పనులు చేసినవాడు పంట నిలబెట్టుకుని ఉండవచ్చు. సాయంత్రం పనుల సంఖ్య లెక్కపెట్టే అలవాటు చిన్న పనుల వైపు లాగుతుంది, అవి త్వరగా ముగుస్తాయి కాబట్టి. రోజును కొలవడానికి సరైన ప్రశ్నలు మూడు. ఇవాళ్టితో అదను దాటే పని ఏదైనా చేయకుండా మిగిలిందా? రేపటి అదనుకు చేతులు సిద్ధంగా ఉన్నాయా? గడువు లేని ముఖ్యమైన పని ఒకటి కాస్తయినా కదిలిందా? ఈ మూడింటికీ సరైన జవాబు ఉన్న రోజు, చూడటానికి ఎంత తీరికగా ఉన్నా, ఫలించిన రోజే.

విశ్రాంతికి కూడా ఈ లెక్కలో చోటుంది. ఒకే పంటను ఏటా వేసిన నేల దిగుబడి తగ్గుతుంది. మధ్యలో కందో, పెసరో, ఉలవో వేస్తే వాటి వేరు బుడిపెలు గాలిలోని నత్రజనిని నేలకు పట్టిస్తాయి. వానలోనూ ఎండలోనూ పని చేసిన శరీరానికి రాత్రి నిద్ర, పంటకాలానికీ పంటకాలానికీ మధ్య నాలుగు రోజుల తీరిక అలాగే అవసరం. వాటిని మిగిలిన సమయంగా కాక పనుల వరుసలో వేళ తప్పని మొదటి రకంగా పెట్టుకోవాలి.

ఇంత జాగ్రత్తగా వరుస కట్టినా వాన రాకపోవచ్చు, ధర పడిపోవచ్చు. కాలాన్ని సరిగ్గా వాడుకోవడం ఫలితానికి హామీ ఇవ్వదు. మనిషి చేతిలో ఉన్న భాగంలో లోపం లేకుండా చేయడం వరకే దాని పని. వాన పడ్డ నాడు విత్తనం ఇంట్లో సిద్ధంగా ఉండటం రైతు బాధ్యత, వాన పడటం అతని బాధ్యత కాదు. ఈ హద్దు తెలిసినవారు తమ చేతిలో లేనిదాని గురించి బెంగపడే సమయాన్ని కూడా తమ చేతిలో ఉన్న పనికి పెట్టగలుగుతారు.